తాడు కట్టేసిన మనిషి

ఆయన పోయాడని సంఘం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను అన్నం తింటున్నాను. ఫోను పక్కన పెట్టి మిగిలిన అన్నం తిన్నాను. ఎవరని మా ఇంటామె అడిగింది. చెప్పాను. ఆమె పెరుగు గిన్నె నా ముందుకు జరిపింది.

పదిహేను రోజుల తర్వాత సంఘం వాళ్ళు ఒక కాగితం పంపించారు. ఆయన జ్ఞాపకార్థం చిన్న పుస్తకం వేస్తున్నారట. ప్రతి సభ్యుడూ ఆయన గురించి ఒక పేజీ రాసివ్వాలట. నేను నాలుగో తరగతి దాకే చదివాను. నా చేత్తో రాసినవంటే సంతకాలు, పని రిపోర్టుల కింద నాలుగు ముక్కలు, అంతే. అయినా కూర్చుని రాసిచ్చాను. ఆయన నీతిమంతుడని, సంఘం కోసం ఎండా వానా చూడలేదని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ ఇచ్చి వచ్చినప్పటి నుంచి ఒంట్లో బాగుండటం లేదు. తిన్నది సహించడం లేదు. అందుకని నోటుబుక్కు కొనుక్కుని ఇది రాస్తున్నాను. ఇట్లాంటిది ఎట్లా మొదలుపెట్టాలో నాకు తెలియదు. తప్పులుంటే మీరే సరిచేసుకోండి.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయన పిల్లలకు బాధ. వాళ్ళు నాకేమీ చేయలేదు.

అందరూ ఆయనను సర్దార్ సారు అనేవారు. గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటాం. ఆయన బాయిలో సర్దారుగా చేసి రిటైరైన మనిషి. కూలీలు పని మొదలుపెట్టే ముందు సర్దారు కర్రతో బాయి పైకప్పును కొట్టి చూడాలి. గట్టిగా ఉన్న కప్పు ఒక తీరు మోగుతుంది, లోపల వదులైన కప్పు ఇంకో తీరు మోగుతుంది. ఆ తేడా వినలేని సర్దారు ఉంటే మనుషులు చచ్చిపోతారు. ఆయన చెవి అంత మంచి చెవి బొగ్గు బెల్టు మొత్తం మీద లేదని ఆయన కింద పని చేసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

పైకి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఏ గదిలోకి వెళ్ళినా దర్వాజ దగ్గర ఆగి, తల ఎత్తి, జేబులో పెన్ను తీసి పై కమ్మీని రెండుసార్లు కొట్టేవాడు. విని, అప్పుడు లోపల అడుగు పెట్టేవాడు. హోటల్లోనూ అంతే. ఒక పెళ్ళి పందిట్లో గుంజను కొట్టి విని, పక్కకు పోయి కూర్చోవడం నేనే చూశాను. మనుషులను కూడా అట్లాగే చూసేవాడు. ఒక మాట విసిరి తల కొంచెం పక్కకు వంచేవాడు. ఎదుటివాడు ఏం చెప్పాడన్నది ఆయనకు పట్టదు. ఎట్లా మోగాడన్నదే వినేవాడు.

బాయి నుంచి రిటైరయ్యాక కొన్నాళ్ళు చిన్న కాంట్రాక్టులు చేసి, తర్వాత మా సంఘానికి కార్యదర్శి అయ్యాడు. బొగ్గు కంపెనీలోనో కరెంటు ప్లాంటులోనో కాంట్రాక్టు పని కావాలంటే ఆ సంఘంలో సభ్యత్వం ఉండాలి. సివిల్ పని వాళ్ళు, కరెంటు పని వాళ్ళు, లెక్కలు చూసేవాళ్ళు, నక్షాలు గీసేవాళ్ళు, అందరిదీ ఒకటే సంఘం. ఆఫీసు చౌరస్తాకు దగ్గరలో ఒక టైర్ల దుకాణం మీద ఉండేది. ముందు గదిలో ఆయన బల్ల. బల్ల ముందు ఒక్క కుర్చీ. ఆ కుర్చీలో ఆయన సంచి ఉండేది. ఎంత పెద్ద కాంట్రాక్టరు వచ్చినా ఆ సంచిని తీసేవాడు కాదు. మా రామగుండం ఎండలకు జనం బనియను కూడా భరించలేరు, ఆయన మాత్రం పొడుగు చేతుల చొక్కాకు మెడ గుండీ దాకా పెట్టుకునేవాడు. చాయ్ తెప్పించుకుని సాసర్లో పోసుకుని మెల్లగా తాగేవాడు. నిలబడి ఉన్నవాడిని తాగుతావా అని ఒక్కనాడు అడగలేదు.

బల్ల సొరుగులో చిన్న కత్తెర ఉండేది. దరఖాస్తు నచ్చకపోతే చింపేవాడు కాదు, విసిరేవాడు కాదు. పైన కుడి పక్క మూలను కత్తెరతో కోసి తిరిగి ఇచ్చేవాడు. మూల పోయిన కాగితం మళ్ళీ పెట్టడానికి పనికిరాదు. కొత్తగా టైపు చేయించుకోవాలి. కోసిన ముక్కను కింద పడనిచ్చేవాడు కాదు. ఒక ఖాళీ అగ్గిపెట్టెలో వేసుకునేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఏం అడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు ఉండేది. "రూలు నాది కాదు. పుస్తకంది."

ఆయన లంచం తీసుకునేవాడు కాదు. అది ముందే చెబుతున్నాను. తీసుకునేవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. లంచం తీసుకునేవాడి ముందు మనం కూడా మనుషులమే. ఈయన ముందు ఏమీ పెట్టడానికి లేదు, ఏమీ చెప్పుకోవడానికి లేదు.

మేము నీళ్ళలో పని చేసేవాళ్ళం. మా తాతలు గోదావరిలో వలలు వేశారు. నేను, మా బామ్మర్ది మునిగే పని పట్టుకున్నాం. కరెంటు ప్లాంటుకు నది నీళ్ళు తోడే పెద్ద బావి ఒకటి ఉంటుంది. నది నుంచి బావిలోకి నీళ్ళు వచ్చే చోట, బాగా లోతులో, ఇనుప జాలీ ఉంటుంది. దానికి నాచు, చీరలు, చచ్చిన బర్రెలు, నిమజ్జనం చేసిన విగ్రహాల కట్టెలు వచ్చి తట్టుకుంటాయి. ఏడాదికి ఒకసారి ఎవరో ఒకరు దిగి జాలీని కడిగి, ఎక్కడ తుప్పు తిన్నది, ఎక్కడ కమ్మీ వంగింది చూసి చెప్పాలి. ఆ పని సముద్రం ఒడ్డున ఉన్న ఒక కంపెనీ పేరు మీద నడిచేది. వాళ్ళు కారులో వచ్చి గొడుగు కింద కూర్చునేవారు. నేను మునిగి వచ్చి, చూసింది చెబితే, ఇంగ్లీషులో రాసుకుని పోయేవారు. ఒక ఏడాది వాళ్ళు, వచ్చే ఏడాది నుంచి మా మనుషులనే తెచ్చుకుంటాం, మీరు అక్కర లేదు అన్నారు.

జ్యోతినగర్ క్వార్టర్లలో ఉండే ఒక ఇంజనీరు సారు ఆ మాట విన్నాడు. ఆయనది కోస్తా. చూసేది మీరు, చెప్పేది మీరు, మధ్యలో వాళ్ళెందుకు, మీరే ఒక ఫర్ము పెట్టుకోండి అని ఆయనే మాకు ఊపు ఇచ్చాడు. టెండరు కాగితం చదివి అర్థం చెప్పాడు. టెండరు వేయాలంటే ఫర్ము మెరైన్ కన్సల్టెన్సీ అని రిజిస్టరు కావాలి, గుర్తింపు ఉన్న సంఘంలో సభ్యత్వం ఉండాలి. మొదటిది కరీంనగర్ తిరిగి చేసుకొచ్చాం. మా అమ్మ పేరు పెట్టి, దాని వెనక మెరైన్ కన్సల్టెన్సీ అని తగిలించాం. బోర్డు రాసే పెయింటరు పడవ బొమ్మ వేయమంటారా అని అడిగితే, మా బామ్మర్ది వద్దు, ఓడ వేయమన్నాడు. మేమిద్దరం ఓడను సినిమాల్లో తప్ప చూడలేదు. ఫర్ములో ఇద్దరమే. నేను, వాడు.

రెండో షరతు కోసం టైర్ల దుకాణం మెట్లు ఎక్కాం.

సర్దార్ సారు దరఖాస్తు చూశాడు. మెరైన్ అంటే ఏమిటని అడిగాడు. సముద్రం పని సారూ అన్నాను. తల పక్కకు వంచాడు.

"కరీంనగర్ జిల్లల సముద్రం ఏడున్నది రా?"

వెనక బెంచీ మీద ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆయన ఎప్పుడూ నవ్వేవాడు కాదు, అదే ఎక్కువ మండేది.

"కన్సల్టెంటు అంటే సలహా చెప్పెటోడు. నువ్వు ఎవలకు చెప్తవ్ సలహా, చేపలకా?"

మా బామ్మర్దికి నోరు ఆగదు. "చేపలకు మేం చెప్పుడేంది సారూ, అవే మాకు చెప్తయి" అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు, ఈసారి మా వైపు నుంచి. సర్దార్ సారు వాడిని చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి ఆయన నన్ను పేరుతో పిలవడం మానేశాడు. "ఏం సముద్రం, వచ్చినవా?" అనేవాడు. బజారులో కూడా అదే పేరు పడింది. ఇప్పటికీ కొందరు అట్లాగే పిలుస్తారు.

సంఘంలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరే ఫర్ము పెద్ద, కమిటీ ముందు నిలబడి తన దరఖాస్తు తనే చదివి వినిపించాలి. ఎవరో రాయించి పంపిన దొంగ ఫర్ములు రాకుండా పెట్టుకున్న పద్ధతి. ఇంకెవరితోనైనా చదివిస్తే చెల్లదు. నాకు అప్పటికి అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు, కానీ ఒక పేజీ చదవాలంటే పూట పడుతుంది. మా ఇంటామె ఏడో తరగతి దాకా చదివింది. ఆమె చదువుతుంటే విని విని మొత్తం కంఠతా పట్టాను. బండి మీద పోతూ అదే, స్నానం చేస్తూ అదే.

కమిటీ ముందు మొదలుపెట్టాను. కాగితం రెండు చేతులతో పట్టుకుని గడగడా చదువుతున్నాను. సర్దార్ సారు కుర్చీలో నుంచి లేచి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. కాసేపు విన్నాడు. తర్వాత నా చేతిలో నుంచి కాగితాన్ని మెల్లగా లాగేసుకున్నాడు.

నేను ఆగలేదు. భయంతో ఆగాలని కూడా తోచలేదు. ఖాళీ చేతులు అట్లాగే ముందుకు పెట్టుకుని, లేని కాగితం చూస్తూ ఇంకో నాలుగు లైన్లు చదివాను. కమిటీ వాళ్ళు కుర్చీల్లో ఒరిగిపోయి నవ్వారు. ఒకాయనకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. అప్పుడు ఆగాను. ఆయన బల్ల దగ్గరికి పోయి సొరుగు తీసి, కాగితం మూల కోసి, నా చేతిలో పెట్టాడు.

"చదువు రానోడు రిపోర్టుల సంతకం ఎట్ల పెడతడు? ఏం రాసిన్రో తెల్వకుంట పెడతవా? రేపు ఎవడన్న రాసిస్తే నీ ఉరికంబం కాయితానికి సుత పెడతవు. నేర్సుకొని రా."

ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను. అందుకే అది ఇంకా గుచ్చుకుంటుంది.

మా ఇంటామె దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. పొద్దున పనికి పోయే ముందు గంట, వచ్చాక గంట. నా కంటే చిన్నది, నాకు పలక పట్టించింది. మా బామ్మర్ది పక్కన కూర్చుని, బావ ఈ వత్తు చూడు, తేలు తోకలా ఉంది అని నవ్వించేవాడు. రెండు నెలలకు మళ్ళీ కమిటీ ముందు నిలబడ్డాను. పావుగంట పట్టింది. ఎక్కడ ఆగాల్సి వస్తే అక్కడ ఆగి, కూడబలుక్కుని, ఒక్క ముక్క వదలకుండా చదివాను. ఎవరూ నవ్వలేదు. సర్దార్ సారు తల పక్కకు వంచి చివరి దాకా విన్నాడు. నేను ఈ నోటుబుక్కులో రాయగలుగుతున్నానంటే ఆయన వల్లే. అది తలుచుకుంటే కూడా నాకు కోపమే వస్తుంది.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన పుస్తకం తెరిచి ఇంకో రూలు మీద వేలు పెట్టాడు. ఒక ఇంటి మనుషులు ఇద్దరు ఒకే ఫర్ములో భాగస్తులుగా ఉండకూడదు. పెళ్ళాల పేర్లు, అత్తల పేర్లు పెట్టి కాగితాల మీద ఫర్ములు నడిపేవాళ్ళ కోసం ఆ రూలు. బామ్మర్ది ఇంటి మనిషే అవుతాడన్నాడు.

అప్పుడు నేను మా పద్ధతి చెప్పాల్సి వచ్చింది. నీళ్ళలో దిగేవాడి నడుముకు ఒక తాడు ఉంటుంది. దాని రెండో కొస గట్టు మీద ఒక మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషి బామ్మర్దే కావాలి. మా తాతల కాలం నుంచి అంతే. అన్నదమ్ములు పట్టకూడదు. అన్నదమ్ముల మధ్య వలల పంపకం ఉంటుంది, ఇంటి గోడ ఉంటుంది. బామ్మర్దికి మాత్రం ఇంట్లో అక్క ఉంటుంది. అక్క బొట్టు వాడి అరచేతిలో ఉంటుంది. అందుకని వాడికి నిద్ర రాదు, ధ్యాస తప్పదు. నేను కింద ఒక అడుగు వేస్తే వాడు పైన ఒక అడుగు తాడు వదులుతాడు. వెనక్కి వస్తే లాక్కుంటాడు. ఒకసారి గుంజితే వదలమని, రెండుసార్లు గుంజితే నన్ను లాగమని. గుంజే అవసరం కూడా ఎక్కువ రాదు. వాడి చేతికి తెలుస్తుంది.

ఆయన అంతా విన్నాడు. అయితే ఇది ఫర్ము కాదు, సంసారం అన్నాడు. ఏ మనిషి పట్టినా నడిచేదే పని, ఒక్క మనిషి పడితేనే నడిచేది పని కాదన్నాడు. టెండరు వేయడానికి అప్పటికి పది రోజులే ఉంది. ఆ మాట చెప్పి చేతులు జోడించాను. పని చూడకుండా తాను ఏదీ తేల్చనని, ఆదివారం పొద్దున నది దగ్గరికి తానే వస్తానన్నాడు.

వచ్చాడు. స్కూటరు దిగి, బావి గోడను పెన్నుతో రెండుసార్లు కొట్టి విన్నాడు. మెడ గుండీ దాకా చొక్కా, చంకలో పుస్తకం. ఆ రోజు ప్లాంటు వాళ్ళు ఒక మోటారు ఆపారు, రెండోది నడుస్తోంది. మాకు అది అలవాటే. మా బామ్మర్ది గాలి పంపు ఇంజను పెట్టాడు. నా నోటికి గాలి వచ్చే పైపు ఆ ఇంజను నుంచే వస్తుంది. తర్వాత తాడు అందుకోబోయాడు.

సర్దార్ సారు చెయ్యి చాపాడు. "ఇటు తే. నేను పడ్త."

మా బామ్మర్ది నా వైపు చూశాడు. వాడి ముఖంలో మొదటిసారి నవ్వు లేదు. నన్ను పక్కకు పిలిచాడు.

"వద్దు బావ. ఇయ్యాల వద్దు. కాయితం లేకుంటే సచ్చిపోతమా?"

చచ్చిపోమని నాకూ తెలుసు. కానీ బోర్డు రాయించాను, పలక పట్టాను, ఖాళీ చేతులతో నిలబడి నవ్వించుకున్నాను. ఇంకా ఎన్నిసార్లు ఆ మెట్లు ఎక్కాలి? నువ్వు ఇంజను చూసుకో అన్నాను వాడితో. ఇంజను గోడకు అవతల ఉంటుంది. అక్కడ నుంచి తాడు పట్టే చోటు కనబడదు.

దిగాను. లోపల ఏమీ కనబడదు. మేము చేతులతో చూస్తాం. జాలీ దగ్గరికి చేరి ఒక పక్క కడిగాను. రెండో పక్కకు పోవాలంటే మధ్యలో ఒక సిమెంటు దిమ్మ చుట్టూ తిరగాలి. తిరిగాను. నడుము దగ్గర తాడు బిగిసింది. ఒకసారి గుంజాను. వదలలేదు. మళ్ళీ గుంజాను. రాయికి కట్టినట్టుంది. వెనక్కి తిరుగుదామంటే తాడు దిమ్మ అంచున ఇరుక్కుంది, వదులు లేకపోతే ఊడి రాదు. నడుస్తున్న మోటారు నీళ్ళను లాగుతోంది, వీపు వచ్చి జాలీకి కొట్టుకుంది. రెండుసార్లు గుంజాను. రెండుసార్లు గుంజడం అంటే ప్రాణం అడగడం. పైన ఎవరూ లేనట్టే ఉంది. గాలి పైపు ఒక కమ్మీకి తట్టుకుని నొక్కుకుపోయింది. సగం గాలే వస్తోంది.

అప్పుడు నేను మా వాళ్ళు ఎవరూ చేయని పని చేశాను. నడుము తాడు ముడి విప్పేశాను. పైపు పట్టుకుని, చేతులతో జాలీ మీద పాకుకుంటూ పక్కకు వచ్చి, గోడ తగిలాక పైకి తన్నుకున్నాను. భుజం ఏదో కమ్మీకి కోసుకుపోయింది. పైకి వచ్చేసరికి బావికి ఇంకో పక్కన తేలాను.

తాడు నా ముందే కనబడింది. గట్టు మీద ఇనుప కమ్మీకి చక్కగా కట్టి ఉంది. చాలా మంచి ముడి, బాయిలో కర్రలు కట్టే ముడి. దాని పక్కన సర్దార్ సారు నీడలో కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

మా బామ్మర్ది పైపు కదలడం చూసి పరిగెత్తుకొచ్చాడు. నా భుజం చూశాడు, కమ్మీకి ఉన్న ముడి చూశాడు. సర్దార్ సారును మెడ గుండీ పట్టుకుని పైకి లేపాడు. వాడి చెయ్యి లేచింది.

ఆగు అని నేనే అరిచాను. నీళ్ళు కక్కుతూ, నెత్తురు కారుతూ, గట్టు పట్టుకుని నేనే ఆపాను. ఆయనను కొడితే కాగితం పోతుంది. నాకు ఆ క్షణంలో తట్టింది అదే. నేను బతికానని కూడా కాదు. మా బామ్మర్ది చెయ్యి దించాడు. ఆయనను చూడలేదు. నన్ను చూశాడు.

సర్దార్ సారు చొక్కా సర్దుకున్నాడు. భయపడలేదు. నిజంగా ఆయనకు తాను చేసింది తప్పని తెలియలేదు.

"ముప్పై ఏండ్లు బాయిల చేసిన. చెయ్యిని నమ్మినోన్ని ఒక్కన్ని బతికొచ్చుడు చూడలే. చెయ్యి తుమ్ముతది, దగ్గుతది, పక్కకు చూస్తది. కట్టింది జారదు. నీ మంచికే కట్టిన."

ఆయన కుడి చేతికి రెండు వేళ్ళు సగం దాకే ఉండేవి. బాయిలో బండ్లు లాగే తాడు కింద పడి పోయాయని విన్నాను. ఆ తాడు అవతల కొస ఎవరి చేతిలో ఉందో, ఆ చేతిని ఈయన ఎంత నమ్మాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. నది బాయి కాదు. కప్పు కూలకుండా నిలబెట్టే కర్ర కదలకూడదు, నీళ్ళలో మనిషి తాడు కదలాలి. ఆ ఒక్క సంగతి ఆయన అంత మంచి చెవికి వినబడలేదు.

ఆ శుక్రవారం నన్ను ఆఫీసుకు పిలిపించి ఆయన చెప్పిన లెక్క ఇది. నువ్వు తాడు విప్పుకుని పైకి వచ్చినవు. అంటే తాడు లేకుండా పని నడుస్తుంది. తాడు అక్కర లేకపోతే తాడు పట్టేవాడు అక్కర లేదు. ఫర్ములో నీ ఒక్కడి పేరు ఉంటే చాలు, రూలు తప్పదు. నాకు మేలు చేస్తున్నాననే అనుకుని చెప్పాడు. గురువారం కమిటీ ముందు ఆయనే లేచి, ఈ ఫర్మును తీసుకోవాలని గట్టిగా మాట్లాడాడట. పుస్తకం ముందుకు తోశాడు. భాగస్తుల దగ్గర రెండు పేర్లు ఉన్నాయి. మా బామ్మర్ది పేరు మీద ఎర్ర గీత.

"ఏం సముద్రం, పెడతవా?"

ఆ గదిలో ఏడుగురు ఉన్నారు. వాడు లేకపోతే నాకు ఈ కాగితం వద్దు అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆయన తల పక్కకు వంచి విన్నాడు. నేను సంతకం పెట్టాను. రెండు నెలలు నేర్చుకున్న సంతకం, ఒక్క గీత వంకర పోలేదు.

మా బామ్మర్ది కింద టైర్ల దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. నా దగ్గర సభ్యత్వం కాగితం తీసుకుని చదివాడు. వాడు పది పాసయ్యాడు, వెంటనే చదువుతాడు. చదివి, మడత పెట్టి, నా జేబులో పెట్టాడు. మంచిగున్నది బావ అన్నాడు. పొట్లం మా పిల్లలకిమ్మని నా చేతిలో పెట్టి, బస్టాండు వైపు నడిచాడు.

టెండరు మాకే వచ్చింది. నాకే వచ్చింది. ఆ పనికి తాడు పట్టడానికి మా వాడలో ఒక కుర్రాడిని మాట్లాడుకున్నాను. మంచివాడే, ఈత వచ్చు. దిగి, దిమ్మ చుట్టూ తిరిగాను. తిరుగుతుంటే తాడు నాకంటే ముందే వదులవుతోంది. ఆగితే ఆగుతోంది. నేను గుంజకుండానే. కింద చీకట్లో ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలిసిపోయింది. పని సగంలో ఆపి పైకి రావాలనిపించింది. రాలేదు. వస్తే వాడు వెళ్ళిపోతాడని భయం వేసింది. మొత్తం జాలీ కడిగాను, చూడాల్సిన దానికంటే ఎక్కువసేపు చూశాను.

పైకి వచ్చేసరికి మా బామ్మర్ది తాడు చుట్ట చుట్టి కుర్రాడి చేతిలో పెడుతున్నాడు. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. నేను ఏదో అనబోయాను.

"అక్క కోసం పట్టిన" అన్నాడు.

వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే కొత్తగూడెం పక్క బొగ్గు లారీ మీద డ్రైవరుగా చేరాడు. వాళ్ళ అక్కతో ఫోనులో మాట్లాడతాడు. నేను ఎత్తితే పెట్టేస్తాడు.

పని రిపోర్టు నేనే రాసుకుని ఇంజనీరు సారుకు ఇచ్చాను. ఆ కాగితంలో మునిగినవారి పేరు రాసే గడి ఒకటి, తాడు పట్టినవారి పేరు రాసే గడి ఒకటి ఉంటాయి. మొదటి దాంట్లో నా పేరు రాశాను. రెండో దాంట్లో కుర్రాడి పేరు రాస్తే అబద్ధం. మా బామ్మర్ది పేరు రాస్తే, ఫర్ములో లేని మనిషితో పని చేయించారని సభ్యత్వం పోతుంది. ఇంజనీరు సారు కళ్ళజోడు సర్దుకుని, ఇదేంటండీ, ఈ గడి వదిలేశారు అని అడిగాడు.

రాయడం మర్చిపోయానని చెప్పాను.